సంతకం నుంచి నడవడిక దాకా

ఉద్యోగంలో చేరిన తొలిరోజు నియామక పత్రంతో పాటు సంతకం కోసం అందే కాగితాల్లో ఇంటర్నెట్ వినియోగ నియమావళి ఒకటి. కార్యాలయపు కంప్యూటరులో ఏ వెబ్‌సైట్లు చూడవచ్చు, సంస్థ ఈమెయిలును సొంత పనులకు వాడవచ్చా, బయటి పెన్‌డ్రైవు పెట్టవచ్చా, ఖాతాదారుల వివరాలను వాట్సాప్‌లో పంపవచ్చా వంటి ప్రశ్నలకు సంస్థ ముందుగానే రాసి ఉంచిన జవాబులు అందులో ఉంటాయి. ఆ కాగితం మీద సంతకం చేయని ఉద్యోగి దాదాపు ఉండడు. దాన్ని చివరిదాకా చదివినవాడు అరుదు. చదివినా రోజంతా దాని ప్రకారమే నడుచుకోగలిగినవాడు మరీ అరుదు. సంతకానికీ నడవడికకూ మధ్య ఉన్న ఈ ఎడాన్ని ఉద్యోగుల క్రమశిక్షణ లోపంగా లెక్కగట్టడం యాజమాన్యాలకు అలవాటుగా మారింది. కానీ గత పాతికేళ్లకు పైగా మనస్తత్వ శాస్త్రం, నేర శాస్త్రం, కంప్యూటర్ భద్రతా రంగాల్లో జరిగిన పరిశోధనలను వరసగా చదివితే, ఆ లోపంలో పెద్ద భాగం నియమాన్ని రాసినవారి వైపే ఉందని తేలుతుంది.

ఈ నియమావళిని నిశితంగా చూస్తే ఒకదానితో ఒకటి అంతగా పొత్తులేని మూడు భయాలు ఒకే పత్రంలో ఇరుక్కుని కనిపిస్తాయి. ఒక తప్పుడు లింకు నొక్కితే వైరస్ సంస్థ మొత్తానికీ పాకవచ్చునన్న భద్రతా భయం అందులో ఒకటి. జీతమిచ్చే గంటల్లో ఉద్యోగి క్రికెట్ స్కోరు చూస్తూ కూర్చుంటాడేమోనన్న అనుమానం ఇంకొకటి. సంస్థ నెట్‌వర్కు నుంచి ఎవరైనా అసభ్యమైన దృశ్యాన్నో, ఇతరుల వ్యక్తిగత సమాచారాన్నో పంపితే చట్టం ముందు సంస్థ నిలబడవలసి వస్తుందన్న దిగులు మరొకటి. వీటి తీవ్రతలో పోలిక లేదు, పరిష్కారాల్లోనూ లేదు. అయినా చాలా నియమావళులు మధ్యాహ్న విరామంలో రైలు టికెట్టు బుక్ చేసుకోవడాన్నీ, వందలాది ఖాతాదారుల ఆధార్ నంబర్ల జాబితాను సొంత మెయిలుకు పంపుకోవడాన్నీ ఒకే స్వరంతో, ఒకే శిక్ష చూపించి నిషేధిస్తాయి. మొదటి నిషేధాన్ని ఏ హానీ జరగకుండా పదిసార్లు దాటిన ఉద్యోగికి రెండోది కూడా అలాంటిదేనన్న భావం కలగడంలో ఆశ్చర్యం లేదు.

శిక్ష భయమే నియమపాలనకు మూలమన్న ఆలోచన చాలా పాతది. ఇటలీకి చెందిన సీజరే బెక్కారియా 1764లో నేరాల గురించి, శిక్షల గురించి వెలువరించిన గ్రంథంలో, శిక్ష ఎంత కఠినంగా ఉందన్నదానికంటే అది ఎంత తప్పనిసరిగా, ఎంత త్వరగా పడుతుందన్నదే మనిషిని ఆపుతుందని వాదించాడు. నేర శాస్త్రంలో నిరోధ సిద్ధాంతంగా స్థిరపడిన ఈ వాదాన్ని 1990 ప్రాంతం నుంచి సమాచార వ్యవస్థల పరిశోధకులు కార్యాలయాలకు అన్వయించి చూశారు. ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు. కార్యాలయంలో ఇంటర్నెట్ నియమాన్ని మీరినవారిలో పట్టుబడేవారు కొద్దిమంది, పట్టుబడినవారిలో శిక్ష పడేవారు ఇంకా కొద్దిమంది కావడం వల్ల, బెక్కారియా కోరిన తప్పనిసరితనం అక్కడ సాధ్యపడదు. అది లేనప్పుడు ఉద్యోగం పోతుందన్న హెచ్చరిక కాగితం మీద మిగిలిన బెదిరింపుగానే ఉండిపోతుంది.

అంతకంటే లోతైన కారణం మనస్సాక్షి పనిచేసే తీరులో ఉంది. 1957లో అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా బాల నేరస్థుల గురించి రాస్తూ, వారు సమాజపు విలువలను తిరస్కరించినవారు కారని, తప్పు చేయడానికి ముందు తమకు తామే ఒక సమర్థన చెప్పుకొని ఆ విలువల పట్టును కాసేపు సడలించుకుంటారని ప్రతిపాదించారు. మనస్సాక్షి అభ్యంతరాన్ని ఇలా నిర్వీర్యం చేసుకోవడానికే తటస్థీకరణ అని పేరు. మిక్కో సిపోనెన్, ఆంథొనీ వాన్స్ అనే పరిశోధకులు 2010లో ఈ సిద్ధాంతాన్ని ఉద్యోగుల మీద పరీక్షించి, నియమం మీరాలన్న ఉద్దేశాన్ని ఈ సమర్థనలు బలంగా సూచిస్తాయని, వాటిని లెక్కలోకి తీసుకున్నప్పుడు అధికారిక శిక్షల ప్రభావం గణాంకపరంగా చెప్పుకోదగ్గదిగా మిగలలేదని చూపారు. ఈ సమర్థనలు ఏ కార్యాలయంలోనైనా వినిపించేవే: “దీనివల్ల ఎవరికి నష్టం?”, “ఈ ఫైలు ఇప్పుడు వెళ్లకపోతే రేపు పైవాళ్లకు జవాబు చెప్పేదెవరు?”, “రాత్రి తొమ్మిదింటి దాకా ఇక్కడే ఉంటున్నాం, పది నిమిషాలు వీడియో చూస్తే తప్పా?” శిక్షను రెట్టింపు చేసినా ఈ మాటల్లో ఒక్కదానికీ సమాధానం రాదు. సమాధానం చెప్పవలసినది నియమం వెనుక ఉన్న కారణం, దాన్ని అమలుచేసే సంస్థ ప్రవర్తన.

పైన చెప్పిన సమర్థనల్లో చివరిదాని మీద సింగపూర్‌కు చెందిన వివియన్ లిమ్ 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రత్యేకంగా దృష్టి పెట్టింది. పని గంటల్లో సొంత అవసరాలకు ఇంటర్నెట్ వాడుకోవడాన్ని పరిశోధకులు సైబర్‌లోఫింగ్ అంటారు. తమ శ్రమకు తగిన ప్రతిఫలం, గౌరవం సంస్థ నుంచి అందడం లేదని భావించే ఉద్యోగులు మనసులో ఒక జమాఖర్చుల పద్దు రాసుకుంటారని, ఇచ్చిన అదనపు శ్రమను జమ వైపు, వాడుకున్న సమయాన్ని ఖర్చు వైపు వేసుకుని లెక్క సరిపోయిందనుకుంటారని ఆమె వివరించారు. అందువల్ల సొంత బ్రౌజింగు మితిమీరిన చోట యాజమాన్యం చూడవలసినది వెబ్‌సైట్ల జాబితా కంటే ముందు పని గంటలనూ, జీతాలనూ, పై అధికారి మాట తీరునూ.

భద్రతకు సంబంధించిన నియమాల విషయంలో ఆలోచనను మలుపు తిప్పినది ఆన్ ఆడమ్స్, ఏంజెలా సాస్ 1999లో రాసిన ఒక వ్యాసం. వినియోగదారులు శత్రువులు కారన్న అర్థం వచ్చే శీర్షికతో వెలువడిన ఆ రచన, ఉద్యోగులు పాస్‌వర్డులను కాగితాల మీద ఎందుకు రాసుకుంటారో, తోటివారితో ఎందుకు పంచుకుంటారో వారినే అడిగి తెలుసుకుంది. ఒక్కొక్కరు గుర్తుంచుకోవలసిన పాస్‌వర్డులు మనిషి జ్ఞాపకశక్తికి మించి ఉండటం, వాటిని తరచూ మార్చమనడం, జట్టుగా చేసే పనికి వ్యక్తిగత పాస్‌వర్డు అడ్డుగా నిలవడం, అసలు ప్రమాదం ఎటునుంచి వస్తుందో భద్రతా విభాగం ఎన్నడూ చెప్పకపోవడం ఆ జవాబుల్లో బయటపడ్డాయి. తెలియవలసినవారికే తెలిస్తే చాలునన్న సైనిక సంప్రదాయంలో పెరిగిన భద్రతా విభాగాలు ఉద్యోగికి ఆజ్ఞ మాత్రమే ఇచ్చి కారణాన్ని దాచిపెట్టాయి. కారణం తెలియని ఉద్యోగి తన ఊహకు తోచిన ప్రమాదాన్ని బట్టి తన సొంత నియమం తయారుచేసుకున్నాడు.

సాస్ తన సహచరులు ఆడమ్ బ్యూట్‌మెంట్, మైక్ వొన్‌హామ్‌లతో కలిసి 2008లో ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకువెళ్లి కాంప్లయన్స్ బడ్జెట్ అనే భావనను ప్రతిపాదించారు. నియమాలను పాటించడానికి ఉద్యోగి వెచ్చించగల ఓపికకు ఒక హద్దు ఉంటుందని, తన అసలు పనికి ఆటంకం కలిగించే ప్రతి నియమం ఆ నిల్వలో నుంచి కొంత తీసుకుంటుందని, అది అయిపోయిన తర్వాత వచ్చే నియమం ఎంత ముఖ్యమైనదైనా దాన్ని తప్పించుకునే దారి వెతకడం మొదలవుతుందని దీని సారాంశం. ఈ భావన అర్థమైతే నియమాలు రాయడం మీద దృష్టే మారిపోతుంది. అది అర్థం కాని చోట, ఉద్యోగి ఓపిక సంస్థ ఉచితంగా తవ్వుకోగల గని అయినట్లు ప్రతి విభాగమూ తనకు తోచిన నియమాన్ని చేర్చుకుంటూ పోతుంది: మానవ వనరుల విభాగం ఒకటి, ఐటీ విభాగం నాలుగు, తనిఖీకి వచ్చిన ఆడిటర్లు ఇంకొక రెండు. వాటన్నింటి మొత్తం భారం ఒకే మనిషి మీద, ఒకే పనిదినంలో పడుతుందన్న లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఈ ఓపికను వృథాగా ఖర్చు చేయించిన నియమాల్లో పాస్‌వర్డును నిర్ణీత కాలానికి ఒకసారి తప్పనిసరిగా మార్చాలన్నది అన్నింటికంటే పెద్దది. అక్షరాలు, అంకెలు, ప్రత్యేక చిహ్నాలు కలిపి వాడాలని, తరచూ మార్చాలని అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఇచ్చిన సలహా ప్రపంచమంతటా కార్యాలయాల్లో ఆజ్ఞగా మారింది. నార్త్ కరొలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో గడువు తీరిన 7,700కు పైగా ఖాతాల పాత పాస్‌వర్డులను విశ్లేషించినప్పుడు, పాత పాస్‌వర్డు తెలిస్తే చాలు, సుమారు 17 శాతం ఖాతాల్లో కొత్తదాన్ని ఐదు ప్రయత్నాల్లోపే ఊహించవచ్చునని తేలింది. చివర ఉన్న 1ని 2గా మార్చడం, మొదటి అక్షరాన్ని చివరకు జరపడం వంటి చిన్న మార్పులతో జనం నియమాన్ని తృప్తిపరుస్తున్నారు కాబట్టి మార్పు వల్ల ఆశించిన రక్షణ కలగలేదు. 2017లో ఎన్‌ఐఎస్‌టీ తన మార్గదర్శకాలను సవరించి, పాస్‌వర్డు బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప కాలానుసారం మార్పించవద్దని చెప్పింది. తొలి సలహాను రాసిన బిల్ బర్ తాను చేసినదాంట్లో చాలా భాగానికి విచారిస్తున్నానని అదే ఏడాది పత్రికాముఖంగా ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లు గడిచినా మూడు నెలలకొకసారి పాస్‌వర్డు మార్చమని అడిగే కార్యాలయాలు ఇప్పటికీ కనిపించడం బాధాకరం, ఎందుకంటే అక్కడ ఖర్చవుతున్న ఓపిక నిజంగా అవసరమైన చోట కరువవుతుంది.

ఆ అవసరమైన చోటు ఏదో 2017 మే నెలలో ప్రపంచం చూసింది. మే 12న విజృంభించిన వాన్నాక్రై, కంప్యూటరులోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకానికి చెందిన హానికర ప్రోగ్రాము, అంటే రాన్సమ్‌వేర్. బ్రిటన్ ప్రజారోగ్య వ్యవస్థలో ఆసుపత్రులను స్తంభింపజేసిన ఆ దాడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లను కూడా తాకింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి నెలలోనే సవరణ విడుదల చేసింది. ఆ అప్‌డేట్ పడిన యంత్రాలు బయటపడ్డాయి, పడనివి చిక్కుకున్నాయి. పని మధ్యలో తెర మీద కనిపించే “తర్వాత గుర్తుచేయి” అన్న మీట నొక్కడం ఎంత సహజమో, అప్‌డేట్లు ఉద్యోగి నిర్ణయం మీద ఆధారపడకుండా పని గంటలు ముగిశాక వాటంతట అవే పడేలా ఏర్పాటు చేయడం ఎంత అవసరమో ఆ ఘటన చెబుతుంది. యంత్రానికి అప్పగించగల జాగ్రత్తను మనిషి జ్ఞాపకానికి వదిలిపెట్టడం నియమావళి చేసే తొలి పొరపాటు.

హెచ్చరికల సంగతీ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో మెదడు చిత్రణ ద్వారా, ఒకే రకం భద్రతా హెచ్చరికను రెండోసారి చూసేసరికే మెదడులోని దృశ్య కేంద్రాల స్పందన బాగా తగ్గిపోతుందని కనుగొన్నారు. పదేపదే ఎదురయ్యే ఉద్దీపనకు స్పందన సన్నగిల్లడాన్ని జీవశాస్త్రం అలవాటుపడటం అంటుంది. గుడి పక్కన కాపురమున్నవారికి గంట వినిపించకపోవడం లాంటిదది. హెచ్చరికను చూడకుండా మూసివేసిన ఉద్యోగిని నిర్లక్ష్యపరుడనడానికి ముందు, ఆ రోజు అతనికి అలాంటివి ఎన్ని చూపించారో లెక్కపెట్టాలి.

నియమపాలనకు మందుగా సంస్థలు ఎక్కువగా నమ్ముకున్నది శిక్షణ. ముఖ్యంగా ఫిషింగ్ విషయంలో, అంటే బ్యాంకు నుంచో పై అధికారి నుంచో వచ్చినట్లు భ్రమింపజేసే మెయిలుతో గాలం వేసి రహస్యాలు లాగే మోసం విషయంలో, సంస్థే దొంగ మెయిళ్లు పంపి, నొక్కినవారికి అప్పటికప్పుడు పాఠం చూపే పద్ధతి బాగా వ్యాపించింది. స్విట్జర్లాండులోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఒక పెద్ద సంస్థలో 14,000 మందికి పైగా ఉద్యోగుల మీద 15 నెలల పాటు జరిపి 2022లో వెలువరించిన అధ్యయనం, ఈ తరహా పాఠం ఉద్యోగులను మరింత జాగ్రత్తపరులను చేయకపోగా కొన్ని సందర్భాల్లో ఇంకా తేలికగా మోసపోయేలా చేసిందని తేల్చింది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో ఆరోగ్య వ్యవస్థలో సుమారు 19,500 మంది ఉద్యోగులతో 8 నెలలు సాగి 2025లో వెలువడిన మరో అధ్యయనంలో, శిక్షణ పొందినవారికీ పొందనివారికీ మధ్య మోసపోయే రేటులో తేడా 1.7 శాతం మాత్రమే కనిపించింది. జ్యూరిక్ అధ్యయనంలో ఆశ కలిగించే భాగం కూడా ఉంది: అనుమానాస్పద మెయిలును ఒక్క మీటతో ఐటీ విభాగానికి చేరవేసే వీలు కల్పించినప్పుడు, ఉద్యోగులు నెలల తరబడి విసుగు చెందకుండా, వేగంగా, తగినంత కచ్చితంగా వాటిని పట్టిచ్చారు. మోసపోకూడదన్న ఆజ్ఞ కంటే కనిపెట్టి చెప్పమన్న పిలుపు వారిలో ఎక్కువ పనిచేసింది. మొదటిదాంట్లో ఉద్యోగి అనుమానితుడు, రెండోదాంట్లో కాపలాదారు.

సంస్థలు పంపే సర్క్యులర్ల భాషలో దాగిన ఒక ప్రమాదాన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చియాల్దీని బృందం అరిజోనా రాష్ట్రంలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ ఉద్యానంలో వెలికితీసింది. శిలగా మారిన ప్రాచీన వృక్షాల ముక్కలను సందర్శకులు జేబులో వేసుకుపోవడం అక్కడి సమస్య. గతంలో ఎంతోమంది ముక్కలు తీసుకుపోయి వనాన్ని పాడుచేశారని చెప్పే బోర్డు పెట్టిన చోట గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో 7.92 శాతం మాయం కాగా, దయచేసి తీసుకోవద్దని మాత్రమే కోరిన చోట పోయినవి 1.67 శాతం. అందరూ చేస్తున్నారన్న సమాచారం, దాన్ని ఖండిస్తూ చెప్పినా సరే, అది మామూలేనన్న భరోసాగా మనసుకు చేరుతుంది. మన కార్యాలయంలో అనేకులు ఇంటర్నెట్‌ను దుర్వినియోగం చేస్తున్నారంటూ మొదలయ్యే సర్క్యులర్ కూడా అదే భరోసా ఇస్తుంది.

సొంత వాడకాన్ని పూర్తిగా నిషేధించాలా, కొంత అనుమతించాలా అన్న చర్చలో అనుభవం రెండో వైపే మొగ్గింది. అమెరికా సమాఖ్య ప్రభుత్వ విభాగాల కోసం 1999లో తయారైన నమూనా విధానం, పనికి ఆటంకం లేనంతవరకు, ప్రభుత్వానికి చెప్పుకోదగ్గ అదనపు ఖర్చు పడనంతవరకు పరిమితమైన సొంత వాడకాన్ని అంగీకరించింది. న్యూయార్క్ నగర విద్యాశాఖ ఉద్యోగి ఒకరు పని గంటల్లో ఇంటర్నెట్ చూశాడన్న ఆరోపణ మీద 2006లో విచారణ జరిపిన న్యాయాధికారి, ఇంటర్నెట్ ఇప్పుడు టెలిఫోను, వార్తాపత్రిక లాంటిదైపోయిందని, ఫోను విషయంలో పాటించే కొలమానమే దీనికీ వర్తింపజేయాలని భావించి, అతి తేలికైన మందలింపును మాత్రమే సూచించాడు. కార్యాలయపు పని ఇంటి ఫోనులోకి, రాత్రి వేళలోకి వచ్చినప్పుడు ఇంటి పని కాసేపు కార్యాలయంలోకి రావడాన్ని ద్రోహంగా చూడటంలో న్యాయం లేదు.

న్యాయం అన్న ఈ మాట ఇక్కడ అలంకారం కోసం వాడినది కాదు. షికాగో నగరంలో 1,575 మంది పౌరులను 1984లో ప్రశ్నించి టామ్ టైలర్ 1990లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథం, జనం చట్టాన్ని పాటించడానికి శిక్ష భయం కంటే ఆ చట్టం, దాన్ని అమలుచేసే అధికారం న్యాయబద్ధమైనవన్న నమ్మకమే ఎక్కువ తోడ్పడుతుందని చూపింది. కార్యాలయంలో ఈ నమ్మకం మొదట దెబ్బతినే చోటు నిఘా. రొమేనియాలో ఒక సంస్థ 2007లో తన ఇంజనీరు యాహూ మెసెంజర్ సంభాషణలను, సోదరుడితోనూ కాబోయే భార్యతోనూ మాట్లాడినవాటితో సహా రికార్డు చేసి అతన్ని తొలగించగా, ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం 2017 సెప్టెంబరు 5న 11–6 ఆధిక్యంతో అతని పక్షాన తీర్పు చెప్పింది. యజమాని ఆదేశాలు ఉద్యోగి వ్యక్తిగత సామాజిక జీవితాన్ని శూన్యం చేయజాలవని, నిఘా ఉంటుందని, అది ఎంతమేరకు సాగుతుందని ముందుగా తెలియజేశారా, అంతకంటే తేలికైన మార్గం లేదా అన్నవి చూడాలని ఆ తీర్పు సారాంశం. దానికి సరిగ్గా 12 రోజుల ముందు, ఆగస్టు 24న భారత సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో వచ్చిన భారత డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాల కోసం, వ్యాపార రహస్యాల రక్షణ వంటి ప్రయోజనాల కోసం ఉద్యోగి సమాచారాన్ని అతని సమ్మతి లేకుండానే వాడుకునే వీలు యాజమాన్యానికి ఇచ్చింది. చట్టం ఇచ్చిన వీలును సంపూర్ణంగా వాడుకున్నంత మాత్రాన ఉద్యోగి నమ్మకం మిగులుతుందని అనుకోకూడదు. ఏ వివరాలు నమోదవుతాయి, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నది ఒక పేజీలో స్పష్టంగా చెప్పిన సంస్థకు, చెప్పని సంస్థకు మధ్య ఉన్న తేడాను ఉద్యోగులు వెంటనే గుర్తిస్తారు.

తెలుగు రాష్ట్రాల కార్యాలయాల్లో దీనికి భాష అనే మరో పొర తోడవుతుంది. 2019 అక్టోబరు 2న మొదలైన ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాలలోనూ, ఆసుపత్రుల నమోదు కౌంటర్లలోనూ, సహకార బ్యాంకుల్లోనూ రోజూ వేలాది కుటుంబాల ఆధార్, బ్యాంకు, ఆరోగ్య వివరాలు తాకేవారు తెలుగులోనే ఆలోచిస్తారు, తెలుగులోనే మాట్లాడతారు. నియమావళి మాత్రం తరచుగా న్యాయవాదుల ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులోకి వచ్చినా “గోప్య సమాచారపు అనధికార ప్రసారణ నిషిద్ధం” వంటి వాక్యంగా వస్తుంది. అది చదివిన ఉద్యోగికి, దరఖాస్తుదారు ఆధార్ కార్డును సొంత ఫోనుతో ఫొటో తీసి పని వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆ నిషేధం కిందకు వస్తుందన్న స్ఫురణ కలగదు. స్కానరు పనిచేయనప్పుడు ఎదురుగా వరసలో నిలబడ్డవారిని వెనక్కి పంపలేక అతను ఫోను తీస్తాడు. అతని దృష్టిలో అది సేవ. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించిన ఒక సూత్రం ఇక్కడ బాగా పనికివస్తుంది: ఫలానా లక్ష్యం సాధించాలన్న సంకల్పం కంటే, ఫలానా పరిస్థితి ఎదురైతే ఫలానా పని చేస్తానన్న ముందస్తు ఆలోచన ఆచరణకు ఎక్కువగా దారితీస్తుంది. కాబట్టి నియమం “స్కానరు పనిచేయకపోతే ఫోనుతో ఫొటో తీయకండి, ఈ నంబరుకు ఫోను చేయండి, అరగంటలో మనిషి వస్తాడు” అన్న రూపంలో ఉండాలి, ఆ అరగంటలో మనిషి నిజంగా రావాలి. రెండో భాగాన్ని సంస్థ నెరవేర్చలేకపోతే మొదటి భాగాన్ని ఉద్యోగి నుంచి ఆశించే హక్కు దానికి ఉండదు.

కృత్రిమ మేధ సాధనాలు వచ్చిన తర్వాత ఇదే చిక్కు కొత్త రూపం ధరించింది. 2023లో శామ్‌సంగ్ ఉద్యోగులు కొందరు సంస్థ అంతర్గత ప్రోగ్రాము కోడును చాట్‌జీపీటీలో పెట్టినట్లు వెల్లడైన తర్వాత ఆ సంస్థ అలాంటి సాధనాల వాడకం మీద నిషేధం విధించింది. 2025 జనవరిలో భారత ఆర్థిక మంత్రిత్వ శాఖ కూడా కార్యాలయ పరికరాల్లో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడవద్దని తన ఉద్యోగులకు సూచించింది. రహస్య పత్రాల విషయంలో ఈ జాగ్రత్త సమంజసమే. అయితే గంట పట్టే ముసాయిదాను ఐదు నిమిషాల్లో రాసిపెట్టే సాధనం ప్రతి ఉద్యోగి జేబులోని ఫోనులో ఉన్నప్పుడు, కార్యాలయపు కంప్యూటరులో దాన్ని మూసివేస్తే సమాచారం ఫోను దారి పడుతుంది, అక్కడ సంస్థ కంటికి కూడా కనిపించదు. సురక్షితమైన ప్రత్యామ్నాయాన్ని సంస్థే సమకూర్చి, అందులో ఏ రకం సమాచారం పెట్టవచ్చో ఉదాహరణలతో చెప్పినప్పుడే నిషేధానికి బలం వస్తుంది.

ఇన్ని జాగ్రత్తలున్నా తప్పు జరిగే రోజు వస్తుంది. భారత ప్రభుత్వ సైబర్ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్‌-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటన దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు సంస్థలు దాన్ని నివేదించాలి, తమ వ్యవస్థల లాగ్‌లను, అంటే ఎవరు ఎప్పుడు ఏ యంత్రాన్ని వాడారన్న నమోదులను, 180 రోజులు భద్రపరచాలి. చాలా సందర్భాల్లో ఘటనను మొదట గమనించేది ఐటీ విభాగం కాదు; ఒక అటాచ్‌మెంటు తెరిచాక తెర వింతగా మారడం చూసి గుండె ఝల్లుమన్న గుమస్తానో, నర్సో, డేటా ఎంట్రీ ఆపరేటరో. ఆ క్షణంలో అతను ఫోను ఎత్తి జరిగింది చెబుతాడా, యంత్రాన్ని ఆపివేసి మౌనంగా ఇంటికి వెళ్లిపోతాడా అన్నది, అంతకు ముందు అదే తప్పు చేసి చెప్పుకున్న తోటి ఉద్యోగికి ఏం జరిగిందో అతను చూసినదాని మీద ఆధారపడి ఉంటుంది.